బాగుంది సార్

సైన్యంలో ఉన్నన్నాళ్ళూ బ్రిగేడియరు వరసలో నిలబడ్డ జవాన్ల ముందు నడుస్తూ ఒక్కటే ప్రశ్న అడిగేవాడు, ఏమైనా ఇబ్బందా అని. ఒక్కటే జవాబు వచ్చేది, లేదు సార్ అని. అలా అడుగుతూనే మెట్టు మెట్టుగా పైకొచ్చాడు, అలా వింటూనే రిటైరయ్యాడు. చింత చచ్చినా పులుపు చావదంటారు కదా, మాజీ సైనికుల కోసం సంస్థ పెట్టాక కూడా ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

సంస్థంటే రెండు గదులు, కిర్రుమనే ఒక ఫ్యాను, బోలెడన్ని కుర్చీలు. సరిహద్దుల్లో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి కృత్రిమ కాళ్ళు ఇప్పించడం దాని పని. ఒకప్పుడు ఫోనెత్తితే ట్రక్కుల బారు కదిలేది. ఇప్పుడు విరాళాల కోసం కాళ్ళరిగేలా తిరిగి, ఎవరెవరి గుమ్మాల ముందో బెంచీల మీద కూర్చోవాలి. ఒక్కో కాలు తెప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఇదంతా ఎందుకొచ్చిన గొడవ అని రోజూ విసుక్కునేవాడు. అయినా కాలు తొడిగించుకున్నవాడు లేచి నిలబడి "బాగుంది సార్" అంటే ఆ పూటకి చాలనిపించేది.

ఆ మధ్యాహ్నం ఆయన పాత డ్రైవరు భార్య వచ్చింది. ఆయన జీపు నడుపుతూనే అతను మందుపాతర పేలి ఎడమకాలు పోగొట్టుకున్నాడు. సంస్థ ఇచ్చిన మొట్టమొదటి కాలు అతనిదే. ఆమె కూర్చోకుండానే చెప్పేసింది. ఆ కాలు సరిపోవడం లేదట. ఒరుసుకుని పుండు పడిందట. ఇలాగే తొడుక్కుని తిరిగితే మోకాలు కూడా తీసెయ్యాల్సొస్తుందని డాక్టరు అన్నాడట. ఇంట్లో విప్పి పడేస్తాడట గానీ, ఈ ఆఫీసుకి రావాలంటే మాత్రం తొడుక్కునే బయల్దేరతాడట.

ఆయనకి కోపమొచ్చింది. మొన్ననే కదా అడిగాను, బాగుందన్నాడే అన్నాడు.

"మీరడిగితే అలాగే అంటాడు సార్. మీరిచ్చిన కాలు బాగాలేదని మీ మొహం మీద ఎలా చెప్తాడు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా చెప్పని మొండిఘటానికి ఎవరు పెట్టాలట? ఆమె వెనకాల నడుస్తూ దారంతా ఆయన ఇదే గొణుక్కున్నాడు.

ఇల్లు మేడ మీద. ఇరుకు మెట్లు ఆయాసపడుతూ ఎక్కాడు. తలుపు వెనక హడావుడి, పట్టీలు బిగించిన చప్పుడు. తలుపు తెరుచుకునేసరికి డ్రైవరు అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. నుదుటి నిండా చెమట.

కాలెలా ఉందంటే బాగుంది సార్ అన్నాడు. కూర్చోమంటే పరవాలేదు సార్ అన్నాడు. విప్పి చూపించమని ఆర్డరు వేద్దామా అనుకున్నాడు బ్రిగేడియరు. వేస్తే విప్పుతాడు, విప్పి చూపించి మరీ బాగుందంటాడు. అంతటితో ఆయన ఓపిక అయిపోయింది. గోడ పట్టుకుని, మోకాళ్ళు కలుక్కుమంటుంటే, నేల మీద చతికిలబడ్డాడు.

డ్రైవరు బిత్తరపోయాడు. "అయ్యో, కుర్చీ ఉంది సార్."

"ఉండనీ. నాకిక్కడే హాయిగా ఉంది."

సార్ నేల మీద కూర్చుంటే అతను నిలబడలేడు, కుర్చీలోనూ కూర్చోలేడు. నేల మీదికి దిగాలంటే ఆ కాలుతో కుదరదు. కాసేపు తటపటాయించి, మంచానికి ఆనుకుని పట్టీలు విప్పాడు. కాలు పక్కన పెట్టి, మెల్లగా జారి ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు. మోకాలి కింద చుట్టిన గుడ్డ చీముతో తడిసి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది" అన్నాడు డ్రైవరు. సార్ అనడం మర్చిపోయాడు. ఆ తర్వాత భార్య చూస్తుండగానే ఏడ్చాడు.

బ్రిగేడియరు అతని చెయ్యి పట్టుకున్నాడు. ఓదార్చాలనే ఉంది గానీ, సంస్థ కాళ్ళిచ్చిన మిగతావాళ్ళంతా వరసగా కళ్ళ ముందుకొచ్చారు. వాళ్ళలో ఒక్కడు కూడా బాగాలేదని ఏనాడూ అనలేదు. ఇక ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి ఇలాగే నేల మీద కూర్చోవాలి. ఆయనకి ఉన్నచోటు నుంచి లేచే ఓపిక కూడా లేదు.