బీడీల బడిలో చివరి ముద్ర

నేను ఒక ఇంకు ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, అందులో ఊదారంగు ఇంకు తాగిన మెత్తటి గుడ్డ, ఇంతే నా ఒళ్లు. చదువు రానివాళ్ల బొటనవేలికి రంగు పూయడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని తీసుకొచ్చి పెద్దవాళ్లకు చదువు చెప్పే బడిలో కూర్చోబెట్టారు. కల్లు మానిపించే సంఘంలో కల్లుకుండలాగా అక్కడ ఇరవై రెండేళ్లు ఉన్నాను. నన్నెవరూ ముట్టుకోని రోజు రావాలని అక్కడి వాళ్లందరితో పాటు నేనూ కోరుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నిజంగానే కోరుకున్నాను.

హైదరాబాదులో ఒక ఇరుకు గల్లీలో పుట్టాను. నా మూతకు మడతబందు బిగించిన మనిషికి సంతకం రాదు. పొద్దున్నే పనిలోకి వచ్చి, మాలో ఒకదాన్ని తెరిచి, హాజరు పుస్తకంలో వేలు అద్ది, ఆ తర్వాత మమ్మల్ని తయారుచేయడానికి కూర్చునేవాడు. మనుషుల సంగతి నాకు ఆ గల్లీలోనే కొంత అర్థమైంది.

అక్కణ్ణుంచి మెట్‌పల్లి వైపు ఒక బీడీల ఊరికి, అక్కడి చిన్న పోస్టాఫీసుకు చేరాను. ఆ ఊళ్లో ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆడవాళ్లే. పోస్టుమాస్టరు పేరు లింబాద్రి. ఊరంతా సారు అనేది. ఉత్తరం ఇవ్వడమే కాదు, చదివి చెప్పడం, జవాబు రాసిపెట్టడం కూడా ఆయన పనే. మంచివాడు. ఆయన జీవితంలో రెండే రెండు తప్పులు చేశాడు, రెండూ నా కళ్లెదుటే చేశాడు.

మొదటిది ఒక మధ్యాహ్నం. సత్తెవ్వ అనే ముప్పై ఏళ్లలోపు మనిషి, భివండీలో మగ్గం నేసే తమ్ముడి దగ్గర్నుంచి రిజిస్టరు ఉత్తరం వస్తే తీసుకోవడానికి వచ్చింది. నా మీద బొటనవేలు ఆనించి, రసీదు మీద ముద్ర వేసింది. ఆ వేలికి అడ్డంగా కత్తెర కోసిన మచ్చ ఉంది. తంబాకు వాసన వేసింది.

"సారూ, జర సదివి చెప్పరాదు."

"టపా సంచి పొయ్యే యాళ్లయింది సత్తెవ్వా, రేపు రా."

సత్తెవ్వ మర్నాడు వచ్చింది. అరుగు మీద మగవాళ్లు గుంపుగా ఉండటం చూసి మూలమలుపు నుంచే వెనక్కి తిరిగింది. ఆ మరుసటి రోజూ అంతే. ఇంకెవరినైనా అడుగుదామంటే ఇంటిగుట్టు ఊళ్లో పడుతుందని భయం. నాలుగో రోజున ధైర్యం చేసి లోపలికి వచ్చింది. సారు ఉత్తరం విప్పాడు. అమ్మ మంచం పట్టింది, నీ పేరే కలవరిస్తోంది, వెంటనే బయల్దేరు అని ఉంది అందులో. సత్తెవ్వ భివండీ చేరేసరికి తల్లి పోయి రెండు రోజులైంది.

తిరిగొచ్చాక ఆమె సారును ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది. ఆయన నన్ను చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు. నేను చేసిందల్లా వేలికి రంగు పూయడమే, కానీ కోపం ఎక్కడో ఒకచోట పెట్టుకోకపోతే మనుషులకు నిద్రపట్టదు. ఉద్యోగం అయిపోయిన రోజు ఆఫీసుకు కొత్త ప్యాడ్ కొనిచ్చి, నన్ను జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. వారం తిరక్కుండా తన ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకు బడి పెట్టాడు.

మొదటి రోజు పన్నెండు మంది వచ్చారు. చాటలు పక్కన పెట్టి గంటసేపు పలక పట్టుకోమన్నాడు సారు. రెండోరోజు ఇద్దరే వచ్చారు. ఆయన తల పట్టుకుని కూర్చుంటే సత్తెవ్వే దారి చెప్పింది.

"చేతులాగితె పొయ్యి ఆగుతది సారూ. ఒకలు సదువుదురు. కడమోల్లం బీడీలు చేసుకుంట ఇందుం. సదివేటామె చాటల తలా నాలుగు బీడీలేద్దుం. ఆమె పని గూడ కాదా?"

అంతే, బడి నిలబడింది. ఒకామె గోడకు ఆనుకుని గుణింతం చదువుతుంటే చుట్టూ కత్తెరలు ఆడుతుండేవి. వంతు ముగిసేసరికి ఆమె చాట నిండి ఉండేది. ఎవరు ఎన్ని వేశారని ఎవరూ చూసేవారు కాదు. పుస్తకాల్లో లేని ఈ పద్ధతిని చూసి సారు ముక్కున వేలేసుకున్నాడు.

సంతకం నేర్చిన రోజున ఒక ముచ్చట జరిగేది. నన్ను తెరిచి, ఆమె చేత సున్నం గోడ మీద ఆఖరిసారి వేలిముద్ర వేయించి, దాని కింద ఆమె చేతనే పేరు రాయించేవాళ్లు. గోడ మీద మొదటి ముద్ర సత్తెవ్వది. పేరు రాయడం అయ్యాక నా మూత టక్కున మూసి, "ఇగ మల్ల నాకు కండ్ల వడకు" అంది. నన్ను అన్ని తిట్లు తిట్టారు కానీ, అంత ఇష్టంగా ఎవరూ తిట్టలేదు.

ఆ ఊరి పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిన ఊళ్లలో కూడా బడులు పుట్టాయి. ముప్పై ఎనిమిది ఊళ్లకు పాకాయి. జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ కలిసి బీడీల బడుల సంఘం అని పేరు పెట్టుకున్నారు. అధ్యక్షురాలిగా ఉండాలంటే గోడ మీద ముద్ర ఉండి తీరాలని లింబాద్రి సారే నియమం రాశాడు. అంటే తను ఎప్పటికీ కాలేడు. సత్తెవ్వను ఎన్నుకున్నారు. ఆమె పెద్దరికం చూడముచ్చటగా ఉండేది. ఏదైనా బడిలో తగాదా వస్తే బస్సెక్కి, చాట ఒళ్లో పెట్టుకుని వెళ్లేది. ఇరుపక్షాలూ అరిచి అలిసేదాకా బీడీలు చేస్తూ కూర్చునేది. అప్పుడు రెండు మాటలు చెప్పేది. మూడో మాట అవసరమయ్యేది కాదు.

ఏళ్లు గడిచాయి. సారుకు చూపు మందగించింది. సంఘం కాగితాలు రాసే పని వదిలేస్తూ, నా పక్కనే టేబుల్ మీద చేయి ఆనించి సత్తెవ్వతో అన్నాడు.

"ఇగ ఏ కాయితమొచ్చినా నువ్వే సదువు, నువ్వే సంతకం పెట్టు. ఊకె నన్నడుగుడు బందువెట్టు. నేను పోయినంక ఎవల్నడుగుతవ్? పెద్దవు నువ్వు."

అదే ఆయన రెండో తప్పు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. ఆమె తన కాళ్ల మీద నిలబడాలని అన్నాడు. సత్తెవ్వ ఆ మాటను ఆజ్ఞగా తీసుకుంది.

ఆ తర్వాత పట్నం నుంచి ఒక పెద్ద సంస్థ వచ్చింది. బడులకు గదులు, పుస్తకాలు ఇస్తామంది. దాని తరఫున వచ్చిన హరిచందన్ మర్యాద తెలిసిన యువకుడు. సత్తెవ్వను పట్నం తీసుకెళ్లి రెండు రోజులు నాయకత్వ శిక్షణ ఇప్పించాడు. ఏం నేర్పారని ఆడవాళ్లు అడిగితే, "అందరి మాట ఇనాల్నట" అని నవ్వింది. హరిచందన్ నన్ను కూడా గౌరవించాడు. చిన్న అద్దాల పెట్టె చేయించి, అందులో పెట్టి, నిరక్షరాస్యత నాటి గుర్తు అని చీటీ అంటించాడు. నాకు ఇంకు పోయడం మానేశారు. నేను ఎదురుచూసిన రోజు వచ్చిందనుకుని మురిసిపోయాను.

ఒప్పంద పత్రం తొమ్మిది పేజీలు. హరిచందన్ చివరి పేజీ తీసి సంతకం చోటు చూపించాడు. సత్తెవ్వ మొదటి పేజీకి తిప్పింది.

"సదివే పెడ్త బిడ్డా."

గదిలో ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు. ఆమె వేలు కింద పెట్టి పైకి చదువుతుంటే వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. ఆరో పేజీలో, "అభ్యసన కేంద్రాల ప్రాంగణమందు పొగాకు సంబంధిత కార్యకలాపములు నిషిద్ధము" అనే దగ్గర ఆమె వేలు ఆగింది. మళ్లీ చదివింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు, మాటల అర్థమే అందలేదు. తలెత్తి అందరినీ చూసింది.

"ఏమైనా సందేహమా అమ్మా?" అన్నాడు హరిచందన్.

ఆ మొహం నాకు తెలుసు. ఉత్తరం పట్టుకుని మూలమలుపు దగ్గర ఆగిపోయిన మొహం అది. అడుగు సత్తెవ్వా, అని అద్దాల పెట్టెలో నేను కొట్టుకులాడాను. అంతమంది ముందు అధ్యక్షురాలు ఎలా అడుగుతుంది? సారును అడుగుదామంటే ఆయనే వద్దన్నాడు.

"ఏం లేదు," అని మిగతా పేజీలు కూడా చదివి సంతకం పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తిరిగేలోపు ప్రతి బడి గుమ్మానికీ బోర్డు వచ్చింది. చాటలు బయట పెట్టి లోపలికి రావాలి. ఆడవాళ్లు రెండు మూడు రోజులు వచ్చారు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోలేక, ఇంటి దగ్గర ఆగిన పని గుర్తొచ్చి మధ్యలోనే లేచిపోయారు. తర్వాత రావడం మానేశారు. సత్తెవ్వ హరిచందన్‌ను నిలదీసింది.

"బీడీలు చెయ్యకుంట ఎవలొస్తరు బిడ్డా? మా బడే బీడీల బడి గద."

"నా చేతిలో లేదమ్మా. ఫొటోల్లో పొగాకు కనబడితే పైవాళ్లు ఒప్పుకోరు. ఆ రోజు మీరే చదివి సంతకం చేశారు కదా." అతను ఆరో పేజీ తీసి చూపించాడు. అబద్ధమేమీ చెప్పలేదు.

సంగతి తెలిసి లింబాద్రి సారు కర్రతో దారి తడుముకుంటూ ముందుగదిలోకి వచ్చాడు.

"ఒక్క మాట నన్నడిగితె అయిపోవు గద సత్తెవ్వా."

"నువ్వే అడుగొద్దంటివి గద సారూ."

ఆయన గోడ దగ్గరికి వెళ్లి, కళ్లు కనిపించకపోయినా, ముద్రల మీద చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. ఆయన దుఃఖంలో నా వాటా కూడా ఉందనిపించి ఎంతో కుమిలిపోయాను.

బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బోర్డు సరిగ్గా కనబడాలని మా గోడకు కూడా రంగు వేశారు. ముద్రలన్నీ దాని కిందికి పోయాయి. చివరికి సంఘాన్ని రద్దు చేసే తీర్మానం పట్టుకుని హరిచందన్ వచ్చాడు. సంఘంలో మిగిలిన తొమ్మిది మంది గోడవారగా కూర్చున్నారు.

ఈసారి సత్తెవ్వ ప్రతి మాటకూ ఆగింది. దీనర్థమేంది, ఇదేంది, ఇట్ల రాస్తె ఏమైతది, అని అడిగింది. సిగ్గుపడలేదు. అతను ఓపిగ్గా అన్నీ విడమరిచి చెప్పాడు. మధ్యాహ్నమంతా పట్టింది. అంతా తెలిశాక కాగితం ముందు పెట్టుకుని, అద్దాల పెట్టె వైపు చూపించింది.

"దాన్ని తియ్యి."

"అమ్మా, చదువుల సంఘం అధ్యక్షురాలు వేలిముద్ర వేస్తే ఏం బాగుంటుంది? సంతకం చేయండి."

"సంతకం బడి కోసం నేర్సుకున్న బిడ్డా. తెలివక ఒక్కపారి దాంతోనే బడి మీద దెబ్బ కొట్టిన. తెలిసి మల్లొక్కపారి కొట్ట. ఇదే తీస్కో."

నా మూత తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. లోపల గుడ్డ ఎండిపోయి ఉంది. సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు పోసి, వేలితో మెదిపింది. నేను రంగు ఇవ్వకూడదనుకున్నాను. అడుగున మిగిలిన ఇంకు నా మాట వినకుండా పైకి వచ్చింది. అదే వేలు, అదే మచ్చ. గీతలే సగం అరిగిపోయాయి. ఆమె కాగితం మీద గట్టిగా అద్ది, వేలు తుడుచుకోకుండా చాట ఒళ్లోకి లాక్కుంది. మిగిలిన వాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి, వరుసగా వేలిముద్రలే వేసి, తిరిగి తమ చాటల దగ్గర కూర్చున్నారు. బోర్డు గుమ్మానికే ఉంది. కత్తెరలు ఆడుతున్నాయి. చదివే వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. సత్తెవ్వ ఆ పూట చేసిన బీడీల కొసలకు ఊదారంగు అంటింది.

ఇప్పుడు నేను మెట్‌పల్లిలో తుక్కు దుకాణంలో ఉన్నాను. అద్దాల పెట్టెను వేరే ఎవరో కొనుక్కుపోయారు. ఎదురుగా ఉన్న రేషను దుకాణంలో నాకొక కొత్త చుట్టం చేరింది. వేలిముద్రలు చూసే అద్దం మొహం మిషను. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అందరూ దాని మీద వేలు పెడతారు. బీడీలు చేసే ఆడవాళ్ల అరిగిన వేళ్లను అది గుర్తుపట్టలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టమంటుంది. ఒకరోజు సత్తెవ్వ కూడా ఆ వరుసలో నిలబడటం చూశాను. నాలుగుసార్లు వేలు పెట్టింది. నాలుగుసార్లూ కాదంది. ఆమె పక్కకు జరిగి, గోడకు అంటించిన కాగితం మీద వేలు కిందుగా పెట్టి చదువుకుంటూ నిలబడింది.

రెండు కాగితాల మీద ముద్రకని ఆమె వేలికి నేను రంగు పూశాను. మొదటిదాంతో అందుకున్న ఉత్తరంలో ఏముందో ఆమెకు తెలియదు. రెండోదానిలో ఏముందో అక్షరం అక్షరం తెలుసు. రెండుసార్లూ ఆమెకు మిగిలింది, ఒకసారి తల్లి, ఒకసారి బడి, పోయిన తర్వాత చేరుకోవడమే.