బెరిల్ ఇంట్లో లేని కలర్ టీవీ

మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. ఇరవై ఒక్క ఇళ్ళలో టీవీ ఉంది. టీవీ లైసెన్సు లేదని కోర్టు కాగితం వచ్చింది మాత్రం ఆ ఇరవై రెండో ఇంటికి. దీన్ని న్యాయం అనేవాళ్ళుంటే వచ్చి నాతో మాట్లాడండి. నేను ఈ బర్న్లీ ఊళ్ళోనే ఉంటాను.

ఆ ఇల్లు బెరిల్ హార్‌గ్రీవ్స్‌ది. బడి దగ్గర గుండ్రటి బోర్డు పట్టుకుని కార్లు ఆపి పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి. పదిహేడేళ్ళుగా అదే పని. మొగుడు పోయాక టీవీ అమ్మేసి ఆ చోట కుట్టుమిషను పెట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఆయన చూసే స్నూకర్ ఆటలో బంతుల టకటకలు విన్నాను, ఇక చాలంది. టీవీ లేని మనిషని ఊళ్ళో ఆవిడకో పేరుంది. ఆ పేరంటే కొంచెం గర్వం కూడా.

ఈ దేశంలో ప్రసారమవుతున్నది ప్రసారమవుతుండగా చూడాలంటే ఏటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. చూడనివాడు చూడనని రాసివ్వాలి. రాసిచ్చినా నమ్మరు. ‘ఈ ఇంట్లో ఉంటున్నవారికి’ అంటూ పేరైనా లేని ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నేను ఇంట్లో పులిని పెంచడం లేదు. ఆ సంగతి రెండేళ్ళకోసారి రాసిమ్మని నన్నెవరూ అడగలేదు మరి.

నేను బస్సు తోలినవాణ్ణి, యూనియన్ నడిపినవాణ్ణి. చట్టం లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను. లైసెన్సు మనిషి వస్తే తలుపు తియ్యక్కర్లేదనీ, వారంటు లేకుండా వాడు గడప దాటలేడనీ వీధిలో ఇంటింటికీ చెప్పాను. అందరూ నేర్చుకున్నారు. డెరిక్ ష్యాకిల్టన్ మరీ బాగా నేర్చుకున్నాడు. గోడంత టీవీ ఉంది వాడికి, లైసెన్సు లేదు. లైసెన్సు మనిషి తలుపు కొడితే కాసేపు సౌండు తగ్గిస్తాడు, అంతే.

బెరిల్‌కి మాత్రం నా మాట ఎక్కలేదు.

“దాచడానికి నా దగ్గరేముంది లెన్? తలుపెందుకు తియ్యను?” అంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం లైసెన్సు మనిషి ఆవిడ ఇంటికి వచ్చాడు. నడివయసు మనిషి, బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. మా వాళ్ళకో జబ్బుంది. తడిసినవాడు గుమ్మంలో నిలబడితే ముందు కెటిల్ పెట్టి, ఆ తర్వాత ఎవరని అడుగుతారు. అతను టీ తాగాడు, రెండు బిస్కెట్లు తిన్నాడు, గది చుట్టూ చూశాడు. టీవీ లేదని రాసుకున్నాడు. లేస్తూ లేస్తూ, ఫోన్లో ఎప్పుడైనా చూశారా అని అడిగాడు.

బెరిల్ ఆలోచించింది. ఆవిడతో వచ్చిన చిక్కే అది, అడిగితే ఆలోచిస్తుంది. నవంబర్లో సౌత్‌పోర్ట్ నుంచి చెల్లెలు ఫోన్ చేసి, మా పాటల బృందం ఇప్పుడే వార్తల్లో వస్తోంది చూడవే అంటే నాలుగు నిమిషాలు చూశానని చెప్పింది. ముందు నిలబడ్డావిడ టోపీ అడ్డమొచ్చి చెల్లెలు కనపడనేలేదని కూడా చెప్పింది. అతను టోపీ తప్ప అన్నీ రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. టీ బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఏప్రిల్లో కాగితం వచ్చింది. నేరం: లైసెన్సు లేకుండా కలర్ టెలివిజన్ వాడుట. వాళ్ళ ఫారాల్లో ఫోనన్నా కలర్ టీవీయే.

నేరం ఒప్పుకోవద్దన్నాను. కోర్టుకే పోదాం, వీధి వీధంతా వచ్చి కూర్చుంటుందన్నాను. అట్టలు కొని నినాదాలు కూడా రాయడం మొదలుపెట్టాను.

“చూశాను కదా,” అంది బెరిల్.

“నాలుగు నిమిషాలు.”

“ఎన్ని నిమిషాలని వాళ్ళడగలేదు. నువ్వు ఒక్కటి చెప్పు లెన్. పేపర్లో నా పేరు పడకుండా ఆపగలవా?”

ఆవిడ భయమంతా అదే. మా ఊరి వారపత్రికలో కోర్టు పేజీ ఉంటుంది. ఫుట్‌బాల్ కన్నా, చావుల కన్నా ముందు జనం చదివేది దాన్నే. బడి గేటు దగ్గర తల్లులు చదువుతారు. నేను ఆపలేనన్నాను. ఆవిడ నేరం ఒప్పుకుంటూ ఫారం నింపి పోస్టులో పంపించింది. ఉన్న కాస్త ఖాళీలో పాటల బృందం సంగతంతా రాసింది. ఇలాంటి కేసుల్ని ఒక జడ్జి ఒక గదిలో ఒంటరిగా కూర్చుని వరసగా తేల్చేస్తాడు. నిలబడి చెప్పుకునేవాడుండడు, వినేవాడుండడు. జరిమానా పడింది. కట్టేసింది.

గురువారం పేపర్లో ఈ లైసెన్సు కేసులవే పదమూడు పేర్లొచ్చాయి. పదకొండు ఆడవాళ్ళవి. పగటిపూట ఇంట్లో ఉండేదీ, తలుపు తీసేదీ ఎవరో పార్లమెంటులో ఒక్కడికీ తెలియదు కాబోలు. బెరిల్ హార్‌గ్రీవ్స్, అరవై మూడేళ్ళు, కలర్ టెలివిజన్.

ఆవిణ్ణి ఎవరూ దొంగ అనలేదు. అంటే బాగుండేది. తల్లులు నవ్వుకున్నారు. ప్రతి మనిషికీ ఒక చిన్న బలహీనత ఉంటుందిలెండి అని పాస్టరుగారి భార్య ఓదార్చింది. డెరిక్ అయితే కిరాణా కొట్లో అందరి ముందూ అన్నాడు: “కలరు టీవీ అటగా బెరిల్. ఇన్నేళ్ళూ మాకు కుట్టుమిషను కథ చెప్పావే.”

నిజం చెప్పినందుకు ఊరంతా కలిసి ఆవిణ్ణి అబద్ధాలకోరును చేసింది.

శనివారం పత్రిక ఆఫీసుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. నా ఇంట్లో టీవీ లేదని వెయ్యండి అని అడిగింది. కౌంటర్లో ఉన్నావిడ మర్యాదగానే మాట్లాడింది. కోర్టు చెప్పిందే వేస్తాం, కోర్టు కాదంటే తప్ప మార్చలేం అంది.

“వచ్చి చూసుకోండి,” అంది బెరిల్.

“మేం ఇళ్ళకి రామండీ.”

నేను ప్రజాస్వామ్యం గురించి మొదలుపెట్టబోతే, బెరిల్ నన్ను నోరు మూసుకోమంది. ప్రకటనలైతే ఎవరు ఏదిచ్చినా వేస్తారా అని కౌంటర్లో ఉన్నావిణ్ణి అడిగింది. వేస్తామంది. బెరిల్ చీటీ తీసుకుని నిలబడే రాసింది:

‘ఉచితం. కలర్ టీవీ ఒకటి. నా ఇంట్లో ఉందని కోర్టువారు అన్నారు. నాకు కనపడలేదు. వెతికి పట్టుకున్నవారు తీసుకుపోవచ్చు. బెరిల్ హార్‌గ్రీవ్స్.’ కింద ఇంటి నంబరు, ఫోన్ నంబరు.

తర్వాతి గురువారం అచ్చయింది. ఇక ఊరికి సిగ్గొస్తుంది, ఊరు లేస్తుంది అనుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి ఎనిమిది ఫోన్లొచ్చాయి. ఎనిమిది మందీ ఎన్ని అంగుళాలని అడిగారు. వచ్చి చూసుకోండని అందరికీ ఓపిగ్గా చెప్పింది.

శనివారం పొద్దున మొదట వచ్చినవాడు డెరిక్. తోపుడు బండి తెచ్చుకున్నాడు. పడగ్గదికి ఒకటి కావాలట. బెరిల్ ప్రతి గదీ చూపించింది. బీరువాలు తెరిచింది. మంచం దుప్పటి ఎత్తి పట్టుకుంది. వాడు మోకాళ్ళ మీద వంగి కిందంతా చూసి లేచాడు.

“అయ్యో, ఎవరో ముందే పట్టుకుపోయారన్నమాట,” అన్నాడు.

బెరిల్ దుప్పటి దించి సర్దింది. బయట అప్పటికే క్యూ కట్టారు.

“తర్వాతివాళ్ళు రండి,” అంది.