తియ్యి అన్న మాట

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజుల సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడమీద గదిలో ఇద్దరు కుర్రాళ్లుండేవారు. మా నల్లగొండ వైపు మహిపాల్, బెజవాడ నాగార్జున. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే కంచం. నాగార్జున ఊరికెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను పైకి వెళ్లేసరికి మహిపాల్ ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. పక్కన, దవాఖానాల్లో గుండె కొట్టుకోవడం చూపించే పెట్టె. దాని వైరు పీకాడు. తెర నీలంగా మారి కంప్యూటరు చచ్చింది.

“ఎన్నోసారిరా?”

“నలభై ఒకటి తాతా. డ్రైవర్ క్రాష్ అయితున్నది.”

“డ్రైవరంటే మా ఊరి అంతయ్య! స్టీరింగు ఊడి చేతికొస్తే సంకల పెట్టుకొని, మోకాళ్లతోని నకిరేకల్ దాంక బస్సు తోలిండు. ఎక్కినోళ్లకు తెల్వనే తెల్వదు.”

వాడు నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడే. సంగతేమిటని అడిగితే విడమరిచి చెప్పాడు.

డ్రైవరంటే పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రామట. చెప్పాల్సింది ఉంటే పెట్టె గంట కొడుతుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారట. వైరు పీకగానే ముందు గంట ఆగాలి, తర్వాతే దానికిచ్చిన చోటు, అంటే మెమరీ, ఖాళీ చేయాలి. కంప్యూటరు చచ్చేముందు రాసిపెట్టిన దాంట్లో చూస్తే, చోటు ఖాళీ అయ్యాక గంట మోగింది.

“నాగార్జున ఫోన్ల చెప్పినట్టే రాసిన తాతా. ఉద్యమం మీద కోపంతోని కావాల్నే తప్పు చెప్పిండంటున్నరు ఆఫీసుల. నాలుగింటికి కారణం రాసి పంపాలె. పంపితే వాని నౌకరి పోతది.”

కంప్యూటరు మళ్లీ లేచింది; ఉత్తరం రాసే ఉంది తెర మీద, తప్పు నాగార్జునదని. టైము మూడుంబావు.

“నీకు నమ్మబుద్ధయితుందా?”

“నిన్నటిదాంక కాలే.”

అంతలో కింది వాటా గుంటూరమ్మాయి అమల కేకేసింది. “తాతగారూ! పట్టపగలు మెట్ల మీద లైటు వెలుగుతోంది. కాస్త తియ్యండి!”

“నిచ్చెన పట్టుకరా బిడ్డా, తీస్త!” అన్నాను. “లైటు బంద్ చేస్తరమ్మా. మా దిక్కు తీసుడంటే ఊడవీకుడు, లేకుంటే తెరుసుడు. దర్వాజ తీస్తం, నల్లా తీస్తం...”

మహిపాల్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“వాడు గదే అన్నడు తాతా. ‘ముందు ఇంటరప్ట్ తియ్యి, తర్వాత మెమరీ వదిలెయ్’ అన్నడు. నేను... తెరిచిన.”

ఒక్క వరుస మార్చాడు. వైరు పట్టుకున్నాడు. పీకాడు. నేను సంగతి తెలిసీ అంతయ్య బస్సులో కూర్చున్నట్టే ఊపిరి బిగబట్టాను. తెర నీలం కాలేదు. మళ్లీ పెట్టి, మళ్లీ పీకాడు. పదిసార్లు.

నాలుగింటికి మూడు నిమిషాలున్నాయనగా నాగార్జున పేరు చెరిపి, తన పేరు రాసి పంపేశాడు. వెంటనే వాడికి ఫోన్ చేశాడు.

“ఎప్పుడొస్తవ్‌రా?”

“ఎలా వస్తాను? ఎల్‌బీ నగర్ బస్సులన్నీ తీసేశార్రా!”

మహిపాల్ నావైపు చూశాడు.

“తీసిన్రంటే... నడుస్తున్నయా, బంద్ అయినయా? జర సక్కగ చెప్పురా.”