చూసేకా, పనికా?

ఎర్రగా వేగిన కందిపప్పును చేటలో పోసి, మద్దిలేటి బాణలిలో ఎండుమిరపకాయలు వేశాడు. ఆ ఘాటుకు అతనికి దగ్గు రావడం ఏనాడో ఆగిపోయింది. ఆళ్లగడ్డలో రామమోహన్ నడిపే యాత్రల బస్సుకు పాతికేళ్లుగా అతనే వంటమనిషి. మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, మసి వదలని గోళ్లు, వంగి వంగి అలాగే ఉండిపోయిన నడుము.

ఈసారి యాత్ర శ్రీలంకకు. మధ్యాహ్నం బస్సు చెన్నై విమానాశ్రయానికి బయలుదేరుతుంది. అతను చేసిన పొడులు వెళతాయి, అతను వెళ్లడు.

పోయిన నెల వీసా కోసం నంద్యాల వెళ్లాడు. ఆన్‌లైన్ సెంటరులో హిమజ అతని పాస్‌పోర్టు చూసి వివరాలు ఎక్కిస్తూ అడిగింది.

“చూసేకి పోతాండావా మామా, పనికి పోతాండావా?”

“పనికేమ్మా. నన్ను చూసేకి ఎవురు పిల్చుకపోతారు?”

హిమజ చేయి ఆపింది. “ఇది చూసొచ్చేటోళ్లకిచ్చే వీసా. పాస్‌పోర్టు ఆరు నెల్లుండల్ల, తిరిగొచ్చే టికెట్టుండల్ల. అన్నీ ఉండాయి నీకు. కానీ ఆడ పని చేయకూడదు.”

రామమోహన్‌కు ఫోన్ చేశారు. “చూసేకని రాపియ్యప్పా. ఎవురడుగుతారు?”

“అడిగితే నా చేతులే చెప్తాయన్నా,” అన్నాడు మద్దిలేటి. ఫోన్ పెట్టేశాక హిమజతో మెల్లగా అన్నాడు. “కాశీకి పదకొండు తూర్లు పోయింటి, పొయ్యికాడే ఉంటి. రామేశ్వరంలో సముద్రం చప్పుడు ఇన్న్యా గానీ, పోయి చూడలా. ఇప్పుడు చూసేకి పోతాండానని ఎట్ల రాపిచ్చేదమ్మా?”

ఆమె ఎక్కించిన వివరాలు చెరిపేసి, పాస్‌పోర్టు తిరిగిచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకుని బస్టాండు దారి పట్టాడు.

మిరపకాయలు చల్లారాయి. పొడి కొట్టి, డబ్బాలకెత్తి, బస్సు వెనక సీటు కింద సర్దాడు. దిగుతుంటే ముందు సీట్లోని సరస్వతమ్మ పలకరించింది. కాశీ యాత్రలో అతని చేతి వంట తిన్న మనిషి.

“నువ్వు రాకుంటే మాకు తిండెట్ల మద్దిలేటీ?”

“ఆడ హోటళ్లుండాయంట లేమ్మా.”

రామమోహన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి చేయి ఊపాడో, డ్రైవరుకు దారి చూపాడో తెలియలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మద్దిలేటి పొయ్యి మీద నీళ్లు చల్లి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

యాత్రికులకు టోపీలు పంచిన అట్టపెట్టె రామమోహన్ ఆఫీసు మెట్ల మీదే ఉండిపోయింది. అడుగున పసుపుపచ్చ టోపీ ఒకటి, కవరైనా విప్పకుండా.