బీరమ్మ పేరు మీద

“పానా పట్టుకొని ఎక్కు. ఎవలన్న వస్తె గబుక్కున దిగు,” అన్నాడు జానయ్య తలుపు దగ్గరగా వేస్తూ. బీరమ్మ నిచ్చెనెక్కింది.

గడీలో దొర పడకగదిని ఆనుకొని ఉన్న పాయఖానా అది. గోడమీద ఇనుప టాంకి, గొలుసు లాగితే నీళ్ళు. దొరల మీద తిరగబడ్డ సంఘం ఊళ్ళోకి రాగానే దొర పట్నం పారిపోయాడు. పోలీసు చర్య జరిగిన నెలకు మిలిటరీ లారీల వెనక తిరిగొచ్చాడు. ఇన్నాళ్ళూ వాడక ఎండిపోయి, టాంకి నిండగానే నీళ్ళను ఆపాల్సిన ఇత్తడి వాల్వు పాడైపోయింది. నీళ్ళు ఆగకుండా పొర్లుతున్నాయి. గడీలో దిగిన మిలిటరీ అధికారికి ఆ చప్పుడుతో నిద్ర పట్టలేదట. పొద్దున్నే, నల్లాలు బాగుచేసే జానయ్యకు కబురొచ్చింది.

కబురు జానయ్యకే వస్తుంది. పని మాత్రం బీరమ్మది. నాలుగేళ్ళుగా అతనికి దగ్గరి చూపు ఆనడం లేదు, మరచుట్లు కనిపించవు. దొరకు తెలిస్తే పని పోతుందని అత్త గుర్వమ్మ కోడలి చేత ఒట్టు వేయించుకుంది. “చెయ్యి నీదైతేంది బిడ్డా, పని వాందే. మొగని పేరు నిలబెట్టాలె గద,” అంది. ఇల్లు అలికి, నీళ్ళు మోసి, జొన్న గటక వండిపెట్టి, సంచి భుజాన వేసుకొని మొగుడి వెనక నడిచేది బీరమ్మ. పనయ్యాక దొర “జానయ్య చెయ్యి పడ్డదంటె ఇగ ఫికర్ లేదు” అంటుంటే తలవంచుకొని నేల తుడిచేది. మొదట్లో మొగుణ్ణి మెచ్చుకుంటున్నారని సంతోషమే కలిగేది. రానురాను ఆ మాట వినగానే నేలను ఇంకా గట్టిగా రుద్దేది. ఆ పాయఖానాలో ఆమె ఏనాడూ కూర్చుని ఎరగదు. గడీ పనివాళ్ళలో ఆడవాళ్ళంతా చెంబు పట్టుకొని బయట కంచె పొదల్లోకి పోవాల్సిందే.

నల్లా కట్టేసి, గొలుసు లాగి టాంకి ఖాళీ చేసింది. పాత వాల్వును ఊడదీసి కింద పెట్టింది. కొత్తదాని మరచుట్ల మీద జనపనార చుట్టి, తోలు వాషర్ పళ్ళ మధ్య పట్టుకొని, రెండు చేతులూ టాంకిలో పెట్టింది. అప్పుడే దొర పిలుపు, జానయ్య అడుగులు పక్కగదిలోకి వెళ్ళడం వినబడ్డాయి. రెండు గదుల మధ్య గోడకు, నిచ్చెన మీద ఆమె తల ఎత్తున, గాలి కోసం చిల్లులున్న చిన్న జాలీ ఉంది.

“సున్నపు బట్టీల ఉన్నడు దొరా,” అన్నాడు జానయ్య. “గుట్ట కింద పాత బట్టీ. కాలుకు దెబ్బ తాకింది, జ్వరం. ఉరుకలేడు.”

బీరమ్మ పళ్ళు తోలులో దిగబడ్డాయి. ఆ బట్టీలో ఉన్నది ఆమె తమ్ముడు ఎల్లస్వామి. సంఘంలో తిరిగినవాడు. అతను అక్కడ దాక్కున్న సంగతి మొన్నటిదాకా ఆమెకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. జ్వరం తగ్గడం లేదని, మొన్న ఏడుస్తూ మొగుడికి చెప్పింది. అతను తల నిమిరి, ఆలేరు పోయి మందుగోళీలు తెచ్చాడు. “పైలం, ఎవలకు చెప్పకు,” అని కూడా అన్నాడు. ఆ రోజు ఎంత మంచివాడు నా మొగుడు అనుకుంది! చేతులు వాటంతట అవే మర తిప్పుతున్నాయి. చెవులు తనవి కావేమో అనిపించింది.

దొర ఉర్దూలో అధికారికి చెప్పి, మళ్ళీ అడిగాడు. “మిలిటరోళ్ళు అన్నం తిని పోతరు. రేపు నీ మీద సంఘపోళ్ళు పగబడితె?”

“నేను చెప్పిన అనకుండ్రి దొరా. నా పెండ్లాం చెప్పిందనుండ్రి. దాని తమ్ముడే గద, దాన్నేం చేస్తరు?”

నాలుగేళ్ళలో ఆమె చేసిన ఏ పనికీ ఆమె పేరు పెట్టనివాడు, ఈ ఒక్కదానికి పెట్టాడు. బీరమ్మకు ఏడుపు రాలేదు. వాషర్‌ను నోట్లోంచి తీసి టాంకి అంచున పెట్టింది. నిచ్చెన దిగి, మూలనున్న చెంబు చేతిలోకి తీసుకొని వెనక తలుపు తీసింది. కాపలా సిపాయి చెంబు చూసి ముఖం తిప్పుకున్నాడు. ఎందుకు పోతున్నావని ఎవరూ అడగలేదు.

జొన్నచేలో పడగానే చెంబు వదిలేసి పరుగెత్తింది. ఆకులు చేతులు కోస్తున్నా ఆగలేదు. బట్టీ లోపల ఎల్లస్వామి గోడకు ఆనుకొని ఉన్నాడు. రెక్క పట్టి లేపింది. సగం మోసి సగం నడిపించి వాగు దాకా తెచ్చింది. వాళ్ళు వాగు దాటి తుమ్మల్లో దూరాక, బట్టీ వైపు లారీ వస్తున్న మోత వినిపించింది.

“ఎవలు చెప్పిండ్రక్కా?” అన్నాడు ఎల్లస్వామి రొప్పుతూ.

దారి పొడుగునా ఆమె ఈ ప్రశ్నకే భయపడింది. మొగుడి పేరు చెబితే సంఘం వాళ్ళు అతన్ని బతకనివ్వరు. చెప్పకపోతే, తమ్ముణ్ణి పట్టిచ్చింది బీరమ్మేనని పొద్దుగూకేలోపు ఊరంతా అంటుంది.

“మీ బావ. బావకు చెప్పింది నేను. నేను పట్టిచ్చిన్నని దొరను చెప్పమన్నడు.”

“బావనా? గోళీలు పంపిండు గదనే!”

“పంపిండు.”

ఎల్లస్వామి పిడికిలి బిగించాడు. “మావోళ్ళకు తెలిస్తె...”

“తెలవనీ. గని ఆయన మీద చెయ్యి వెయ్యద్దు. నీ పానం కాపాడిన, ఆయన పానం నాకియ్యి. ఒట్టెయ్యి.”

అతను పిడికిలి విప్పి, ఆమె అరచేతిలో చెయ్యి వేశాడు. అవతలి తండాలో అతన్ని దాచేవాళ్ళున్నారు. “ఇగ నువ్వు ఇంటికి పో అక్కా, అనుమానం రాకముందుకే.”

బీరమ్మ లేచి, కొంగుతో చేతుల మీది నెత్తురు తుడుచుకుంది.

“పోను. ఆ ఇంట్ల నేను చేసింది ఆయనదైతది, ఆయన చేసింది నాదైతది. ఆలేరు టేషన్ల నల్లాల పని అడుగుత. నా పేరు జెప్పే అడుగుత,” అని రైలు కట్ట వైపు నడిచింది.