కత్తిపీట మీద పడిన నింద

కనకలత గంజి వారుస్తుండగా షెడ్డులోంచి మొగుడు నూకరాజు కేక వినిపించింది.

"ఏయ్, ఓపాలి సెయ్యి తోడెట్టి ఎల్లు!"

ఓపాలి అంటే ఒక్కసారి. ఆ ఒక్కసారికి వెళ్ళి, అన్నం చల్లారి మెతుకు బిగుసుకుపోయేదాకా లారీ కింద ఉండిపోయిన రోజులు ఆవిడకి బోలెడు. విప్పిన పళ్ళచక్రాల్ని కిరసనాయిల్లో ముంచి కడగడం, సన్నని బేరింగు ముక్కల్ని గ్రీజుతో అంటించి వరసగా నిలబెట్టడం, విప్పింది విప్పినట్టు గోనె మీద పేర్చడం, ఇవన్నీ నూకరాజు చేస్తే పని. కనకలత చేస్తే చెయ్యి తోడు. చెయ్యి తోడుకి పేరుండదు, ఆదివారం ఉండదు, నడుం నొప్పి అసలే ఉండదు. చేతులకంటిన నల్లటి జిడ్డు మాత్రం సబ్బుతో ఎంత రుద్దినా పోదు. పేరంటాలకి వెళ్తే గోళ్ళు కనపడకుండా పసుపు కాస్త ఎక్కువ పూసుకునేది.

మామగారు నరసింగరావు భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక ఆ ఊళ్ళోనే రిసాలిలో వేసిన రేకుల షెడ్డు అది. వెనకే రెండు గదుల ఇల్లు. ఆయన పోయాక షెడ్డు కొడుక్కి వచ్చింది, షెడ్డుతోపాటు వచ్చిన చాకిరీ కోడలికి వచ్చింది. అత్త గున్నమ్మ గుమ్మంలో కూర్చుని రెంటినీ కనిపెట్టుకుని ఉంటుంది.

ఆ రోజు లారీల యజమాని సాహూజీ బండి ఒకటి వచ్చింది. స్లాగు, అంటే ప్లాంటు కొలిమిలో మిగిలే చిట్టెం, మోసే లారీ. ఇంజన్ తిరుగుడుని గేర్‌బాక్సులోకి తెచ్చే షాఫ్టు మీద గాట్లు అరిగిపోయాయి. ఇంజన్ గోల పెడుతుంది గానీ బండి అడుగు కదలదు. నూకరాజు, పనివాడు బంగార్రాజు కలిసి గేర్‌బాక్సు దించారు, పాత షాఫ్టు తీసి కొత్తది వేశారు. అంతవరకూ బాగానే ఉంది. మళ్ళీ ఎక్కించేటప్పుడే తంటా. కొత్త షాఫ్టు క్లచ్ ప్లేటు నడిమధ్య నుంచి దూరి ఇంజన్‌లో కూర్చోవాలి. ప్లేటు వెంట్రుకవాసి పక్కకి జరిగినా దూరదు. మిగతా షెడ్డుల్లో అయితే పాత షాఫ్టునే ముందు లోపల దూర్చి, ప్లేటుని నడిమికి నిలబెట్టి, ప్లేటు మీది కవరు బిగించుకుని, తరవాత ఆ పాత షాఫ్టు లాగేస్తారు. ఈ షెడ్డులో మాత్రం కనకలత చెయ్యుంది. ప్లేటు ఉన్న గుల్లకి కింద కిటికీలా ఉన్న చిన్న సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, వదులుగా ఉన్న ప్లేటుని వేళ్ళతో ఎత్తిపట్టుకోవాలి. నూకరాజు చెయ్యి అందులో పట్టదు, బంగార్రాజుది మణికట్టు దగ్గరే ఆగిపోతుంది.

"పాత షాఫ్టు ఇక్కడే ఉంది కదా, దాంతో సూసుకోరాదా?" అంది కనకలత, గోనె మీద పడున్న దాన్ని చూపిస్తూ. పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చింది మరి.

"దాంతో అయితే పూటంతా పడతాది. నీ సెయ్యుండగా ఇనపముక్క ఎందుకే?"

ఇది ఆయన మెచ్చుకోలు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ చేతికి దక్కిన మెచ్చుకోలు ఇదొక్కటే. మొదట్లో ఈ మాటకి మురిసిపోయేది కూడాను, పిచ్చిది.

"గాజులు తీసి ఎల్లమ్మా, ఇరిగిపోతాయి," అని గుమ్మంలోంచి అత్త హెచ్చరించింది. గాజులు విలువైనవి కదా.

కనకలత చెయ్యి పెట్టింది. వాళ్ళిద్దరూ గేర్‌బాక్సుని జాకీ మీద ముందుకి తోశారు. జాకీ కింద చెక్క జారింది. అంత బరువూ ఒక్కసారిగా ఒరిగింది. ముందు ఆవిడకి నొప్పి తెలియలేదు, ఏదో చల్లగా తగిలినట్టనిపించింది. ఆ తరవాత వచ్చిన అరుపు తనదేనని కూడా తెలియలేదు. కుడిచేతి ఉంగరపు వేలు పై కణుపు నలిగి తెగిపోయింది.

గున్నమ్మ పరుగున వచ్చింది. వచ్చి ముందు చూసింది కోడలి చేతినేం కాదు, వీధివైపు.

"ఎవులైనా సూసారేటిరా?"

"లేదమ్మా."

"అయితే కత్తిపీట అని సెప్పు. బీరకాయ కోస్తే తెగిందని సెప్పు."

నెహ్రూ నగర్ రోడ్డు మీదున్న డాక్టరమ్మ దగ్గరికి స్కూటర్ మీద తీసుకెళ్తూ దారి పొడుగునా నూకరాజు అదే నూరిపోశాడు. "ఆడమనిసి సేత లారీ పని సేయిస్తన్నాడంటే నా ఇజ్జత్ ఏటవుద్ది? సాహూ మల్లీ బండి పెడతాడా? అంతా నీ మంచికే సెప్తన్నాను." చీరచెంగు చుట్టిన చెయ్యి గుండెలకి హత్తుకుని వెనక కూర్చున్న మనిషికి ఆ మంచి ఎక్కడుందో కనపడలేదు.

"కైసే హువా?" ఎలా తెగిందని అడిగింది డాక్టరమ్మ.

"సబ్జీ కాట్ రహీ థీ, మేడమ్," కూర తరుగుతోందని అన్నాడు నూకరాజు.

డాక్టరమ్మ గాయం చుట్టూ ఉన్న నలుపు దూదితో తుడిచి చూసింది. "సబ్జీ మే గ్రీజ్?"

"మెకానిక్ కా ఘర్ హై, మేడమ్," అని నవ్వాడు. ఎంత చక్కగా అమిరిందో అబద్ధం! డాక్టరమ్మ నవ్వలేదు. కనకలత వైపు తిరిగి, "ఆప్ బతాయియే," మీరే చెప్పండి అంది.

ఇన్నేళ్ళుగా భిలాయిలో ఉన్నా కనకలత హిందీ కూరలబండి దగ్గర మొదలై పాలవాడి దగ్గర ఆగిపోతుంది. క్లచ్ ప్లేటు తెలుసు, జాకీ తెలుసు. కానీ 'నేను వద్దంటే కూడా నా చేత చేయించారు' అనేదాన్ని హిందీలో ఏమంటారు? వెతుక్కుంది. దొరకలేదు. దొరికినా మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు, తిరిగి వెళ్ళాల్సింది అదే స్కూటర్ మీద. అవునన్నట్టు తల ఊపింది. వేలు పోయిన బాధకంటే ఆ తల ఊపిన బాధ ఎక్కువగా ఉంది, ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది.

అబద్ధం ఊరికే ఉంటుందా, కాపురం పెట్టింది. పక్కింటివాళ్ళు చూడ్డానికొచ్చి, కూర తరిగేటప్పుడు ధ్యాస ఎక్కడుందని నవ్వారు. లారీ కిటికీలోంచి సాహూజీ "క్యా భాభీ, బీరకాయతో కుస్తీనా?" అని వాళ్ళ భాషలో వేళాకోళమాడితే, నూకరాజు అందరికన్నా గట్టిగా నవ్వాడు. "ఈవిడికి ఒంటపని సరిగ్గా రాదు, భయ్యా." అన్నిటికన్నా విడ్డూరం గున్నమ్మది. కళ్ళారా చూసిన మనిషి, చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది. ఓరోజు కోడలు ఎడమచేత్తో తంటాలు పడుతూ వంకాయలు తరుగుతుంటే ఎదురుగా చతికిలబడి, "కత్తిపీట మీద కాలు ఇలాగ ఏసి కూకోవాలమ్మా. నీకు మీ అమ్మ నేర్పలేదు గావాల," అంది. కనకలత ఆవిడ మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే జాలిపడుతోంది! అప్పుడు భయం వేసింది కనకలతకి. ఇంకొన్నాళ్ళు పోతే తనకి కూడా బీరకాయే గుర్తుంటుందేమో. పాపం ఆ కత్తిపీట, ఈ ఇంట్లో తనకి ఎన్నడూ హాని చెయ్యనిది అదొక్కటే.

ఇంతలో సాహూజీ రెండో లారీ కూడా అదే జబ్బుతో వచ్చింది. కట్టు ఇంకా విప్పలేదు గనక నూకరాజు కనకలతని పిలవలేదు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. గేర్‌బాక్సు దింపడం, షాఫ్టు మార్చడం అయిపోయాయి. ఎక్కించే వేళైంది. సాహూజీ షెడ్డు బయట, లారీకి అవతల, వీధివైపు తిరిగి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నీలిమా, ఇదర్ ఆ బేటా! ఓపాలి ఇలాగ రా."

బడినుంచి అప్పుడే వచ్చిన కూతురు సంచీ విసిరేసి పరిగెత్తింది. నాన్న ఎన్నడూ తనని షెడ్డులోకి పిలవలేదు. మొహం వెలిగిపోయింది. "క్యా కర్నా హై, పప్పా?"

"నీ సెయ్యి మీ అమ్మ సెయ్యి కన్నా సన్నం. సూడు, ఈ కిటికీలో పెట్టి..."

"గాజులు తీసి ఎల్లమ్మా," అంది గున్నమ్మ.

కనకలత వద్దని అరవాలనుకుంది. ఇన్నాళ్ళూ అవునవునని ఊపిన తల ఒక్కటే ఒంటిమీద మిగిలినట్టుంది. కూతురు లారీ కింద వెల్లకిలా పడుకుని, నవ్వుకుంటూ చెయ్యి లోపలికి పెట్టేసింది. బంగార్రాజు జాకీ మీద చెయ్యేశాడు.

ఎలా లేచిందో, ఎలా వెళ్ళిందో తెలీదు. లారీ కింద దూరి నీలిమ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. "అమ్మా, నేను చేస్తా!" అని పిల్ల పెనుగులాడింది. దాన్ని పక్కకి నెట్టి, తన ఎడమచెయ్యి ఆ కిటికీలో పెట్టింది. ఆపగలిగే బలం ఆవిడకి లేదు. ఈ లారీ ఆగదు, ఈ షెడ్డు ఆగదు, తను కాదంటే రేపు మళ్ళీ ఈ పిల్లనే పిలుస్తారు. ఆ సంగతి బాగా తెలుసు.

"అదీ! అలా రాయే దారికి," అన్నాడు నూకరాజు. "తోసీరా, బంగార్రాజూ."

"ఉండండి." కనకలత లోపలున్న చెయ్యి తియ్యకుండానే తల ఇటు తిప్పింది. "నీలిమా, ఇలా రా. ఆ సాహూజీకి ఓ మాట సెప్పాల. నాకు హిందీ రాదు, నీకొచ్చు కదా."

"ఏటే అది?" అన్నాడు నూకరాజు.

"మా అమ్మ ఏలు కూర కోస్తే తెగలేదు, ఇలాగే సెయ్యి పెడితే ఈ లారీల కిందే తెగింది అని సెప్పు. ఇప్పుడు రెండో సెయ్యి కూడా పెట్టిందని సెప్పు. గట్టిగా సెప్పు, ఈదిలోకి ఇనపడాల."

నీలిమ తల్లి కట్టు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. తరవాత స్టూలు మీదున్న మనిషి వైపు తిరిగింది.

"అంకల్, మమ్మీ కీ ఉంగ్లీ సబ్జీ కాట్‌నే సే నహీ కటీ..."