నాలుగో క్లిప్పు

ఆమె పట్టకారుతో రొయ్య ముక్కను గాజుతొట్టె నీళ్లలోకి దించగానే రౌడీ రాయి చాటునుంచి దూసుకొచ్చి లాక్కుంది. చేత్తో పెడితే వేలు దక్కేది కాదు. పచ్చటి ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు, ఎవరినీ ఓర్వని బుద్ధి ఆ సముద్రపు చేపకి. తోడుగా వేసిన చేపలన్నింటినీ కొరికి చంపి, తొట్టెను ఒంటరిగా ఏలుతోంది.

"తిందా?" మంచం మీదనుంచి ఆమె భర్త అడిగాడు.

"మీ రౌడీకేం, బండలైనా తింటుంది. మీరే రెండు ముద్దలు తినరు."

ఆయన నవ్వాడు. బడి గేటు దగ్గర కాపలా కాసి ముసలివాడైన మనిషి. కొందరు ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఈయన రెండుచోట్లా పిల్లే. అలాంటివాడు ఈ పోకిరీ చేపమీద ప్రాణాలు పెట్టుకున్నాడు. నడుము కింద చచ్చుబడ్డాక మంచాన్ని తొట్టెకు ఎదురుగా వేయించుకున్నాడు. రాత్రి ఇసుకలో దూరి పడుకున్న చేప పొద్దున పైకి లేస్తేనే ఆయనకు తెల్లవారినట్టు. డాక్టర్లు చేతులెత్తేసిన మనిషిని అదే బతికిస్తోందని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం తను పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో వేడి దుప్పట్లు మడతపెడుతూ, చేతిగుడ్డ కోసం చీరమీది యూనిఫాం కోటు జేబులో చెయ్యి పెట్టింది. బట్టల క్లిప్పు తగిలింది. దూకే చేప కాబట్టి తొట్టెమీది వలకు నాలుగు మూలలా నాలుగు క్లిప్పులు. పొద్దున హడావుడిలో మూడే పెట్టి వచ్చేసింది.

"ఒక్కసారి ఇంటికెళ్లొస్తానమ్మా" అంది సూపర్‌వైజరుతో.

"ఆయనకేమైనా అయిందా?"

"కాదు... చేప..."

"చేపకి సెలవా!" చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. ఆమె తలవంచుకుని మళ్లీ దుప్పటి అందుకుంది.

సాయంత్రం తలుపు తీసేసరికి, మంచానికి మూరెడు దూరంలో రౌడీ బిగుసుకుపోయి ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చెయ్యి మంచం అంచునుంచి వేలాడుతోంది. చప్పుడు చెయ్యకుండా చేపను పాతగుడ్డలో చుట్టి బయట పారేసి, నేల తుడిచింది. ఆయన చెయ్యి సర్దుతుంటే మెలకువ వచ్చింది.

"రౌడీ ఏదీ?"

"ఇసుకలో పడుకుందండీ. ఇవాళ పెందలాడే పడుకుంది."

ఆయన తొట్టెకేసి చూడలేదు. ఆమె మొహంకేసి చూశాడు.

"పడుకోనీ. పాపం, బాగా గెంతింది. నువ్వూ కాస్త నడుం వాల్చు."

తెల్లవారింది. ఆయన లేవలేదు.

చల్లబడిన ఆ చేతిని పట్టుకున్నప్పుడు ఆమెకు అర్థమైంది. చేప నేలమీద కొట్టుకుంటున్నంతసేపూ ఆయన చూస్తూనే ఉన్నాడు. చెయ్యి చాచాడు, అందలేదు. ఆమె బాధపడుతుందని అబద్ధాన్ని నమ్మినట్టు నటించాడు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పక్కింటివాళ్లు వచ్చేలోపు లేచి, కొక్కేనికి తగిలించిన కోటు జేబులోంచి క్లిప్పు తీసి వల నాలుగో మూలకు పెట్టింది. ఖాళీ తొట్టెలో బుడగలు లేస్తూనే ఉన్నాయి. ఎర్ర ప్లాస్టిక్ క్లిప్పు వలను గట్టిగా పట్టుకుని ఉంది.